గుబురమ్మత్త ముక్కు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరికి తోచింది వాళ్ళు తినెయ్యడానికి వీల్లేదు. కొత్తగా కాయ కాసినా, కొత్తగా పుట్టగొడుగు మొలిచినా, ముందు గుబురమ్మత్త చూడాలి. గుబురమ్మత్త అంటే ఎలుగుబంటి. ఒంటినిండా గుబురు జుట్టు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. భూమి లోపల చెదలు ఎక్కడున్నాయో ఆ ముక్కు పైనుంచే చెప్పేసేది. అందుకే అడవి అంతా ఆమెను 'రుచి పెద్ద' అనేది.

పద్ధతి ఇలా ఉండేది. జంతువులన్నీ పెద్ద బండ దగ్గర చేరేవి. గుబురమ్మత్త మూడుసార్లు వాసన చూసేది. చిన్న ముక్క కొరికి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. మంచిదైతే "తినండర్రా!" అనేది. చెడ్డదైతే తుపుక్కున ఉమ్మేసేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె మాట తప్పు కాలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికన్నా ఎక్కువగా గుబురమ్మత్తకే తెలుసు. కాస్త గర్వం ఉండదూ మరి?

ఆ ఏడు ఎండాకాలంలో మనుషులు ఇప్పపువ్వు ఏరుకోవడానికి అడవికి వచ్చారు. రాలిన పువ్వు బాగా కనబడాలని చెట్ల కింద ఎండుటాకులు తగలబెట్టారు. మంట పక్క పొదలకు పాకింది. మూడు రోజులు పొగే పొగ. గుబురమ్మత్త గుహ సరిగ్గా ఆ పొగ మధ్యలోనే ఉంది.

పొగ తగ్గాక ఆమె ఆకలితో బయటికి వచ్చి ఒక ఇప్పపువ్వు నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగింది. ఇంకొకటి వేసుకుంది. తీపి ఉంది. ఇప్పపువ్వు మాత్రం లేదు!

అదేమిటంటారా? మీకు జలుబు చేసినప్పుడు అమ్మ చారు పోస్తే ఎలా ఉంటుంది? ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. చారు తెలియదు. ఆ ఇంగువ, ఆ కొత్తిమీర, ఆ తాలింపు ఏమైపోయాయి? ఎవరూ ఎత్తుకుపోలేదు. మీ ముక్కు మూసుకుపోయింది, అంతే. గుబురమ్మత్తకీ అలాగే అయింది. మీకు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఆమెకు నెల గడిచినా తగ్గలేదు.

"ఈ సంగతి చెబితే ఇంక నన్ను బండ దగ్గరికి ఎవరు పిలుస్తారు? ముక్కు పోయిన ఎలుగు ఎందుకు పనికొస్తుంది?" అనుకుంది గుబురమ్మత్త. నోరు మెదపకుండా ఊరుకుంది. పాపం, అక్కడే పప్పులో కాలేసింది.

మొదట తునికి పండ్లు వచ్చాయి. ఆమె ఊరికే ముక్కు ఆనించి, రంగు చూసి, "తినండర్రా!" అంది. అందరూ తిన్నారు. ఏమీ కాలేదు.

తర్వాత వెలగపండ్లు వచ్చాయి. ఒకదాన్ని బండకేసి కొట్టి, చప్పుడు విని, "తినండర్రా!" అంది. అప్పుడూ ఏమీ కాలేదు. "ఓస్, ముక్కు లేకపోయినా నెట్టుకురావచ్చు" అనుకుంది.

ఇక మూడోసారి. తొలకరి పడింది. పుట్టల పక్కన తెల్లగా పుట్టగొడుగులు లేచాయి. దూకుడయ్య అనే కొండముచ్చు వాటిని కోసుకొచ్చాడు. పేరుకు తగ్గవాడు కదా, దారిలో కుళ్ళిన మొద్దు కింద కనబడ్డవి కూడా పీకి, అన్నీ కలిపి ఒకే కుప్ప పోశాడు.

గుబురమ్మత్త చూసింది. అన్నీ తెల్లవే. ఒక ముక్క నాలుక మీద పెట్టుకుంది. చేదు లేదు, వగరు లేదు. "తినండర్రా!" అనబోయింది.

అంతలో వరాలు అనే అడవిపంది ముందుకు వచ్చింది. నలుగురు పిల్లల తల్లి. "అత్తా, ఒక్కసారి మళ్ళీ చూడవా? కొన్నిటికి ఏదో మురుగు వాసన వస్తున్నట్టుంది" అంది మెల్లగా.

అందరూ గుబురమ్మత్త వైపు తిరిగారు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఇంతమంది ముందు ఎలా చెప్పడం? సిగ్గు కోపమై పైకి వచ్చింది.

"నిన్నగాక మొన్న వచ్చినదానివి. నాకు నేర్పుతావుటే?" అంది.

"తప్పయింది అత్తా" అని వరాలు తల దించుకుంది. సొంత ముక్కు వద్దంటున్నా, పెద్దావిడ మాట మీద గౌరవంతో పిల్లలకు పెట్టింది.

(పిల్లలూ, ఇది కథ. మీరు మాత్రం వాసన బాగుందనో, తెల్లగా ఉందనో అడవిలో పుట్టగొడుగు ముట్టుకున్నారో, వీపు విమానం మోతే!)

మధ్యాహ్నానికి వరాలు ఆఖరి కూతురు చారల చిట్టి కడుపు పట్టుకుని దొర్లసాగింది. మిగిలినవాళ్ళకు కుప్పలో మంచివి దొరికాయి. చిన్నది కదా, చిట్టి వాటాకు అడుగున పడ్డ ఆ కుళ్ళిన మొద్దు కిందివి వచ్చాయి.

దూకుడయ్య పరిగెత్తి సాంబ్రాణి తాతను తీసుకొచ్చాడు. సాంబ్రాణి తాత అంటే ముసలి పునుగుపిల్లి. ఆకులూ వేళ్ళూ తెలిసిన వైద్యుడు.

"ఏం తినిపించావమ్మా?" అని అడిగాడు తాత.

"పుట్టగొడుగులు తాతా. ఇంకేమీ లేదు."

"అవి కావులే. గుబురమ్మ చూసిందిగా. పాము కరిచిందేమో!" అని కాళ్ళన్నీ వెతికాడు. గాటు లేదు. "గుబురమ్మ చూసిందంటే తిండి దోషం కాదు. వడదెబ్బ అయి ఉంటుంది" అని చల్లటి బురద పూశాడు. చిట్టి మూలుగు ఇంకా సన్నబడింది. "గుబురమ్మ చూసినవే తింది కదా, మరి ఇదేమిటో నాకు అంతుపట్టడం లేదు" అని చతికిలబడ్డాడు.

గుబురమ్మత్త అందరి వెనకా నిలబడి వింటోంది. 'గుబురమ్మ చూసింది' అన్న మాట వినబడ్డప్పుడల్లా గుండెలో ముల్లు దిగినట్టు ఉంది. ఇన్నేళ్ళు సంపాదించుకున్న మంచిపేరే ఇప్పుడు ఆ పసిదాని ప్రాణానికి అడ్డం పడింది. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు చూశారా, సరిగ్గా అదే పరిస్థితి. పోయే ప్రాణం తనది కాదు, చిట్టిది.

ఆమె అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది.

"బాబాయ్, పుట్టగొడుగులే."

"నువ్వు చూశావు కదమ్మా?"

"చూశాను. వాసన తెలియలేదు. పొగ పట్టినప్పటి నుంచీ నా ముక్కు పని చెయ్యడం లేదు. సిగ్గుపడి దాచాను. ఇది నా తప్పే బాబాయ్. ముందు బిడ్డను చూడండి."

 ఆమెను తిట్టడానికైనా సమయం ఏదీ? తాత ఒక్క గెంతున పొదల్లోకి వెళ్ళి వాంతి చేయించే ఆకు తెచ్చి, నలిపి, చిట్టి నోట్లో పిండాడు. చిట్టి కక్కింది. మళ్ళీ కక్కింది. మూడోసారికి కడుపులో ఉన్నదంతా వచ్చేసింది. వరాలు రాత్రంతా దాన్ని ఒళ్ళో పొదువుకుని పడుకుంది. తెల్లవారేసరికి చిట్టి కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలి" అంది. వరాలు ఏడుస్తూ నవ్వింది.

ఆ పొద్దున్నే గుబురమ్మత్త కొండ అవతలికి వెళ్ళిపోవడానికి బయలుదేరింది. దారికి అడ్డంగా వరాలు నిలబడి ఉంది. పక్కన సాంబ్రాణి తాత.

"నువ్వు ఎన్ని తిట్టినా పడతానే" అంది గుబురమ్మత్త.

"నాకు కోపం పోలేదత్తా. ఇప్పట్లో పోదు కూడా" అంది వరాలు. "కానీ ముక్కు పోయిన రోజే చెప్పి ఉంటే నీ మందు కోసం మేమంతా తిరిగేవాళ్ళం కాదా? ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఆ బాధ పడ్డావు. మమ్మల్ని పరాయివాళ్ళని చేశావు. ముందు దానికి కోపం."

గుబురమ్మత్తకు ఏడుపు ఆగలేదు. "నాలుక బాగానే ఉంది కదా, చాలదా అనుకున్నానే" అంది.

"చాలదమ్మా" అన్నాడు తాత. "నాలుక అనేది మాటలు సరిగ్గా రాని పసిపిల్ల. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు కమ్మదనం, ఇలా ఏవో నాలుగైదు మాటలే పలుకుతుంది. ముక్కు వేల మాటలు తెలిసిన ముసలవ్వ. నువ్వు నమిలేటప్పుడు వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. ఇద్దరూ తమ కబురు మెదడుకు చెబుతారు. మెదడు రెండూ కలుపుతుంది. పోయినేడు తిన్న జ్ఞాపకం కూడా కలుపుతుంది. అప్పుడు, ఇది ఫలానా పండు అంటుంది. మనం రుచి అనేది ఆ మాటనే. అవ్వ పలకకపోతే పసిపిల్ల మాట పట్టుకుని మెదడు మాత్రం ఏం చేస్తుంది?"

"ఇంక ఆ అవ్వ పలకదా బాబాయ్?"

"పలకవచ్చు. ముక్కులో వాసన పట్టే తంతులు కొన్ని మళ్ళీ పుడతాయి. వాటికి రోజూ పని చెప్పాలి. ఓపిక కావాలి. ఎంత వస్తుందో నేను మాట ఇవ్వలేను."

ఆ రోజు నుంచి గుబురమ్మత్త గుహ ముందుకు రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. ఒకరు అడవినిమ్మ ఆకు నలిపి ముక్కుకు పెట్టేవారు. ఒకరు మొగలిరేకు తెచ్చేవారు. దూకుడయ్య ఒకసారి తన చంకే పెట్టబోయి అందరి చేతా తిట్లు తిన్నాడు. చాలా రోజులు ఏమీ తెలియలేదు. తర్వాత అప్పుడప్పుడు ఏదో లీలగా తగిలి మాయమయ్యేది. పూర్తిగా మాత్రం రాలేదు.

మళ్ళీ వాన పడింది. మళ్ళీ పుట్టగొడుగులు లేచాయి. బండ దగ్గర అందరూ చేరారు. ఎవరూ పిలవకముందే వెనక్కి వెళ్ళి కూర్చున్న గుబురమ్మత్తను తాత ముందుకు లాక్కొచ్చాడు.

ఆమె ఒక్కదాన్ని ముక్కుకు ఆనించింది. ఇంకోసారి ఆనించింది. అందరూ చూస్తున్నారు. ఆమె గొంతు సవరించుకుని గట్టిగా చెప్పింది.

"నాకు తెలియడం లేదు. వరాలూ, నువ్వు చూడవే."

ఎవరూ నవ్వలేదు. వరాలు ఒక్కొక్కటే వాసన చూసి, రెండింటిని ఏరి అవతల పారేసింది. "ఇంక తినండర్రా!" అంది.

పిల్లలంతా కుప్ప మీద పడ్డారు. చారల చిట్టి మాత్రం ఒక పుట్టగొడుగు నోట కరుచుకుని గుబురమ్మత్త దగ్గరికి వచ్చింది.

"మామ్మా, ఇది అమ్మ చూసిందే. నువ్వు తిను" అని ఆమె పంజాలో పెట్టింది.

గుబురమ్మత్త కళ్ళు తుడుచుకుని తింది. సగం రుచే తెలిసింది. అయినా చిన్న తునక కూడా మిగల్చలేదు.

నీతి: తెలియనిదాన్ని తెలియదని చెబితే పోయేది కాస్త గొప్పే, తెలిసినట్టు నటిస్తే మనల్ని నమ్మినవాళ్ళ ప్రాణాల మీదికి వస్తుంది.