గురువుగారి కొలతకి ఉయ్యాల

బొబ్బరపాలెంలో పోలమ్మ కొడుకులు ముగ్గురికీ తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, చెవుల్లో దూది పెట్టుకుని గానీ పడుకునేవాళ్ళు కాదు. నిద్రలో కాస్త తెలివి కారిందంటే దిండు తమకంటే తెలివైనదైపోతుందని భయం. పెద్దవాడు గవరయ్య, నడిమివాడు సూరప్పడు, చివరివాడు చింతాలు. ముగ్గురికీ మీసాలొచ్చాయి గానీ పని రాలేదు.

"ఇంత తెలివి ఊరికే పడుంటే బూజు పడుతుందిరా" అని పోలమ్మ ముగ్గుర్నీ తీసుకెళ్ళి వడ్రంగి బ్రహ్మలింగాచారికి అప్పజెప్పింది.

ఆచారికి భుజం నొప్పి. సాయానికి మనుషులు కావాలి. పైగా సర్పంచి వెంకాయమ్మ మనవరాలి బారసాలకి ఉయ్యాల ఒప్పుకుని ఉన్నాడు. ఆ ఊరి పిల్లలంతా తాతల కాలం నుంచీ ఆచారి ఇంటి ఉయ్యాలల్లోనే ఊగారు. ఈసారి అందకపోతే టౌను నుంచి ప్లాస్టిక్ ఉయ్యాల తెప్పిస్తానంది వెంకాయమ్మ. అదే జరిగితే ఇంటి పేరు గంగలో కలిసినట్టే.

అందుకని ఆచారి తాంబూలం పుచ్చుకుని పద్ధతి చెప్పాడు. "మా దగ్గర పని నేర్చుకోవడానికి ఒక వరసుంది. ముందు కళ్ళతో నేర్చుకోవాలి. నేను చెప్పేదాకా చెయ్యి పెట్టకూడదు, నోరు తెరవకూడదు. పని వచ్చిందనిపించిన నాడు పసుపు రాసిన బాడిస చేతిలో పెడతాను. ఆ రోజు నుంచి ఎవరి చెక్క వాళ్ళే చెక్కుకోవచ్చు."

అంతే. ముగ్గురూ చేతులు కట్టుకుని, మూతులు బిగించి కూర్చున్నారు.

మధ్యాహ్నం ఆచారి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి క్యారేజీ ఖాళీ.

"నా అన్నం ఏదిరా?"

ముగ్గురూ మూతులు ఇంకా గట్టిగా బిగించారు.

"నోరు తెరిచి చెప్పండ్రా."

"కుక్క తినేసిందండి" అన్నాడు గవరయ్య. "ముందు మూత ఎలా తీసిందో చూశాం. మూతితో ఇలా పక్కకి తోసిందండి. చాలా బాగా చూశాం."

ఇంకేముంది, ఆచారికి నీరసం వచ్చింది. నీరసంతో దూలం ఎత్తబోతే అది జారి కాలి మీద పడింది. "చచ్చాన్రా, చచ్చాను" అని అరిచాడు. ముగ్గురూ లేచి పరుగున వచ్చి, దగ్గరగా వంగి కూర్చుని చూశారు.

"చూసింది చాలు. ఇక చేతుల్తో నేర్చుకోండి" అన్నాడు ఆచారి, కాలు తనే లాక్కుని. "నేనేం చేస్తే మీరూ అదే చెయ్యండి. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

ఆ కోపంలో మేకు కొట్టబోయి బొటనవేలు కొట్టుకున్నాడు. అంతే. టక్, టక్, టక్. ముగ్గురూ వేళ్ళు కొట్టుకున్నారు. ఆయన వేలు నోట్లో పెట్టుకుని గెంతితే వాళ్ళూ గెంతారు. ఆయన కుంటుకుంటూ ఇంట్లోకెళ్ళి "ఏమే సుందరీ, వీళ్ళతో వేగలేనే" అని భార్యతో మొరపెట్టుకున్నాడు. వెనకే గవరయ్య వచ్చి "ఏమే సుందరీ" అన్నాడు. సూరప్పడూ అన్నాడు. చింతాలు సగంలో ఉండగా సుందరమ్మ అట్లకాడ అందుకుంది.

ఇలా ఆచారి వాళ్ళ వెంట పడీ, వాళ్ళు ఆచారి వెంట పడీ, బారసాల రోజు రానే వచ్చింది. సాయంత్రానికి ఉయ్యాల అందాలి. ఇంకా ఒక్క అతుకు పడలేదు.

"ఉయ్యాల కొలత పడుకునేవాళ్ళని బట్టి ఉండాలిరా, అటూ ఇటూ దొర్లకూడదు" అని ఆచారి మొదలుపెట్టి, వాళ్ళ మొహాలు చూసి ఆగిపోయాడు. "నాకు నేర్పడం రాదురా. మీరే గురువులు, నేనే శిష్యుణ్ణి. నాకే నేర్పండి."

ముగ్గురూ పక్కకెళ్ళి ఆలోచించారు.

"పాపం పెద్దాయన, నోరు తెరిచి అడిగాడు. కాదంటే బాగోదు" అన్నాడు గవరయ్య.

"ఈ వయసులో చేరుతున్నాడు, పని వస్తుందంటావా?" అన్నాడు సూరప్పడు.

"తాంబూలం ఇవ్వలేదుగా" అన్నాడు చింతాలు.

ఆచారి సంచిలోంచే వక్కాకు తీసుకుని నమిలారు. పద్ధతి పద్ధతే కదా. ముందు కళ్ళతో నేర్చుకోవాలి. ఆయనకి దూకుడెక్కువని చేతులు తాడుతో కట్టారు. నోరు తువ్వాలుతో కట్టారు. ఇక కొలత కావాలి. పాప దగ్గర్లో లేదు, ఆచారి ఉన్నాడు. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, దొడ్డి తలుపుతో సహా చేతికందిన కలపంతా తెచ్చి, చుట్టూ ఉయ్యాల బిగించారు. కళ్ళతో నేర్చుకున్నది ఊరికే పోలేదు. అతుకులు ఎంత గట్టిగా కుదిరాయంటే ఆచారి కదల్లేకపోయాడు.

నలుగురు బాటసారుల్ని కూడా సాయం పట్టి, పైన ఎర్ర పట్టుగుడ్డ కప్పి, వెంకాయమ్మ ఇంట్లో దించారు. ముత్తయిదువలు పాట ఎత్తుకున్నారు. వెంకాయమ్మ పాపని పడుకోబెట్టబోతూ గుడ్డ తొలగించింది. లోపల, తువ్వాలు పైన మీసాలు.

"ఆచారీ, ఇందులో నీకేం పనయ్యా?"

"పలకరించకండమ్మా" అన్నాడు గవరయ్య. "ఇంకా కళ్ళతోనే నేర్చుకుంటున్నాడు."

"మరి మా పాపని ఎక్కడ పడుకోబెట్టను?"

"పాప ఇందులో దొర్లిపోతుందండి. ఆచారిగారంత అయ్యాక తీసుకురండి, అతికినట్టుంటుంది."

"టౌనుకి మనిషిని పంపండర్రా, ప్లాస్టిక్‌దే తెస్తాడు" అంది వెంకాయమ్మ. ఆచారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది చూసి చింతాలు పొంగిపోయాడు. "అన్నా, కళ్ళకి పని వచ్చేసింది." వెంటనే ఆచారి కట్లు విప్పి, వెంట తెచ్చిన బాడిసకి పేరంటం పసుపు రాసి ఆయన చేతిలో పెట్టాడు.

ఇంకేముంది. ఆచారి ఆ కోపంలో భుజం నొప్పి కూడా మరిచిపోయాడు. ఉయ్యాలని లోపల్నుంచే చీల్చుకుని లేచాడు. వీళ్ళ మీదికి రాబోయి, పాప ఏడుపు విని ఆగాడు. ఆ కోపమంతా చెక్కల మీద చూపించాడు. నరికాడు, చెక్కాడు, బిగించాడు. దీపాలు పెట్టే వేళకి పాప కొలతకి ముచ్చటైన ఉయ్యాల తయారైంది. టౌనుకి బయల్దేరిన మనిషిని వెంకాయమ్మ వెనక్కి పిలిపించింది.

"చూశారా, నేర్పీ నేర్పగానే ఎలా అందుకున్నాడో" అని గవరయ్య మీసం దువ్వాడు.

"కొత్తగా వచ్చిన పని కదా, నిద్రలో కారిపోకుండా జాగ్రత్త చెయ్యాలి" అన్నాడు సూరప్పడు.

అంతే. బాడిస ఇంకా చేతిలోనే ఉన్న ఆచారిని ఇద్దరు చెరోవైపూ పట్టుకున్నారు. చింతాలు రాత్రికని జేబులో పెట్టుకున్న తన దూది తీసి ఆయన చెవుల్లో కుక్కాడు.