ఆకు కింద తొమ్మిది రేణువులు

శ్రావణ శుద్ధ పంచమి నాడు, పెళ్ళిపీటల మీద కూర్చున్న రత్నధరుణ్ణి కూర్చున్నట్టే రాయిని చేశాడు కరాళుడనే మాంత్రికుడు. ఆ అమాయకుడు చేసిన పాపమేమిటయ్యా అంటే, కరాళుడు అడిగిన పిల్లను తాను చేసుకోబోవడమే!

అనగా అనగా మణిమంతపురాన్నేలే ఓ రాజుగారు. ఆ పిల్ల ఆయన కూతురే, పేరు విమలాంగి. ఆమెకిద్దరన్నలు. కరాళుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, రాతికోటలో, ఓ చిలకలో ఉంది. కార్తీక పౌర్ణమిలోగా ఆ చిలకను పట్టకపోతే రత్నధరుడు ఇక ఎప్పటికీ రాయే.

"నేను తెస్తా" అని పెద్దన్న పండితుల్ని కూడేసి, ఏ సముద్రంలో ఏ రోజు ఏ గాలి వీస్తుందో గోడనిండా గీయించాడు. గోడ నిండింది గాని పడవ లేదు. "నేను తెస్తా" అని చిన్నన్న ఏడు సముద్రాలకీ ఏడు ఓడలు ఒకేసారి మొదలెట్టించాడు. ఒకదానికి అడుగు లేదు, ఒకదానికి తెరచాప లేదు. మగమహారాజులు మరి, అడిగేదెవరు!

"నేను తెస్తా" అని విమలాంగి ఒకే ఒక చిన్న పడవ కట్టించి మడుగులో దింపింది. కారింది. బాగుచేసి మళ్ళీ దింపింది. తేలింది.

"మొదటి సముద్రానికిది చాలు. రెండోదాని సంగతి ఆ ఒడ్డున చూద్దాం" అని బయల్దేరింది.

దారిలో ఆమె వలలోంచి విడిపించిన కొంగ, ఎండ్రకాయ, నీళ్ళలోంచి తీసిన చీమ తోడయ్యాయి. రోజూ పొద్దున్నే కొంగ పంచాయితీ పెట్టేది. "నిన్నేం చేశారు? ఇవాళేం చేస్తారు? ఏం అడ్డొస్తోంది? ఒంటికాలిమీద నిలబడి చెప్పండి. కాలు నొప్పెడితే నోరు తగ్గుతుంది."

"నాకున్నవాటిలో ఏ కాలు, కొంగత్తా?" అనేది ఎండ్రకాయ.

అలా ప్రతి ఒడ్డునా పడవను సరిచేసుకుంటూ ఏడు సముద్రాలూ దాటి కోట చేరారు. పౌర్ణమికి ఇంకా ఆరు రోజులే.

"ఈ గోడకు ద్వారం తొలవడానికి ఎన్నాళ్ళు? రోజుకో గవ్వ, చీమకైతే రోజుకో ఇసుకరేణువు. ఆకు కింద దాచండి. అందరూ ఒక్కసారే ఆకులెత్తాలి, అందాకా నోరు విప్పొద్దు" అంది విమలాంగి.

ఆకులెత్తారు. కొంగవి మూడు. ఎండ్రకాయవి మూడు. విమలాంగివీ మూడే. చీమవి తొమ్మిది!

"ఇంత నడుముకి అంత లెక్కా!" అని కొంగ పకపకా నవ్వింది.

విమలాంగి నవ్వలేదు. "తొమ్మిదెందుకే, చిట్టెమ్మా?"

"పగుల్లోంచి లోపలికెళ్ళి చూశానమ్మా. చిలక ఈ గోడవారనే ఉంది, దానివి పాముచెవులు. రాయి టక్కుమంటే చాలు, కరాళుణ్ణి పిలిచేస్తుంది. చప్పుడు కాకుండా రేణువు రేణువుగా తియ్యాలి. కొంగత్త ముందే మూడని ఉంటే, నేనూ మూడే అనేదాన్ని."

తొమ్మిది రోజులంటే రత్నధరుడు దక్కడు. విమలాంగి గోడకేసి చూసి అడిగింది. "మనకి కావలసింది ద్వారమా, చిలకా?"

"చిలకేగా!" అన్నాయి మూడూ.

"అయితే మనిషి దూరే ద్వారమెందుకే? చెయ్యి దూరే కన్నం చాలు. మళ్ళీ దాచండి."

ఈసారి ఏ ఆకెత్తినా నాలుగే.

నాలుగోనాటి సందెవేళకి కన్నంలో చెయ్యిపెట్టి చిలక మెడ పట్టుకుంది. కరాళుడు పడుతూ లేస్తూ వచ్చాడు. "తల్లీ, నులమకు!"

"ముందు మమ్మల్ని భుజాన మోసి ఇల్లు చేర్చరా. తర్వాత రాయిని మనిషిని చెయ్యి."

చచ్చినట్టు మోశాడు, చేశాడు. రత్నధరుడు కళ్ళు తెరిచి, "ముహూర్తం దాటిపోయిందా?" అన్నాడు.

"నువ్వు లేచిందే ముహూర్తం" అని పీటమీద పక్కన కూర్చుంది విమలాంగి. చిలక పంజరం మాత్రం తన గదిలోనే ఉంచుకుంది. కరాళుడు మళ్ళీ కిక్కురుమంటే ఒట్టు!

వాళ్ళిద్దరూ చాలాకాలం రాజ్యమేలారు. ఆ సభలో మహామంత్రయినా సరే, కావలివాడితో పాటే ఆకెత్తాలి. పెద్దన్న మరో గోడమీద మూడో సముద్రం ఇంకా గీయిస్తూనే ఉన్నాడు. పెళ్ళిమండపం రాతిమీద మాత్రం చెక్కి ఉంది: కార్తీక శుద్ధ చతుర్దశి.