గుంటనడిగిన నూకాలు

ఇది మీ తాతల తాతలు ఉగ్గు తాగుతున్న నాటి మాట. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి. కొట్టనివాళ్లు నిద్రపోండి, నాకేం బెంగ లేదు.

సముద్రానికీ కొండలకీ నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో రాజుగారు వైద్యశాల కట్టించారు. పద్దెనిమిది స్తంభాలు, తెల్లటి సున్నం, ఏనుగు దూరేంత గుమ్మం. కడుపుతో ఉన్న ఆడది ఎవరొచ్చినా నాడి చూసి మందివ్వాలని ఆజ్ఞ. లోపల పెద్ద వైద్యుడు. గుమ్మంలో పేర్లు రాసుకునే గుమాస్తా, గొంతు తప్ప ఇంకేమీ లేనివాడు. ముంగిట్లో చీపురు పట్టుకుని నూకాలు.

నూకాలు ముసలిది, ఒంటరిది. తెల్లారగానే ఊడ్చి, పేడనీళ్లతో కల్లాపి చల్లడం ఆమె పని. ఆ తడి మీద వచ్చేపోయేవాళ్ల అడుగులు పడతాయి కదా. వాటిని చూసేది. పెద్ద అడుగులు మెట్లెక్కి లోపలికి వెళ్లేవి. చిన్న అడుగులు, నిన్నమొన్నటిదాకా తొక్కుడుబిళ్ల ఆడిన అడుగులు, మొదటి మెట్టుదాకా వచ్చేవి. ఆగేవి. వెనక్కి తిరిగేవి.

"ఈ పిల్లలకి బుద్ధి లేదు" అనేవాడు గుమాస్తా. అందరూ అవునవును అనేవారు.

ఆ చిన్న అడుగుల్లో ఒక జత ఉండేది. ఎడమ కాలి చిటికెన వేలు పక్కకి వంగి ఉండేది. మూడు రోజులు వచ్చింది, మూడు రోజులూ వెనక్కి పోయింది. నాలుగో రోజు రాలేదు. ఐదో రోజు చేపల వీధిలోంచి పాడె లేచింది. పద్నాలుగేళ్ల పిల్లట, కడుపుతోనే పోయిందట. కప్పిన బట్టలోంచి బయటికొచ్చిన కాలు చూసింది నూకాలు. ఆ వేలే.

అప్పటినుంచి ఆమెకి కుదురు పోయింది. కూర్చుంటే లేచేది, లేస్తే నడిచేది, నడిస్తే వెనక్కి తిరిగి చూసేది.

ఒకనాడు ఇంకో జత చిన్న అడుగులు మెట్టుదాకా వచ్చి తిరిగాయి. నూకాలు చీపురు అక్కడే పారేసి వెంటపడింది. ఉప్పుమడి గట్టు మీద దొరికింది పిల్ల. పేరు అసిరి. పదిహేనేళ్లు, ఏడో నెల. కాళ్లు వాచి కడియాలు బిగుసుకుపోయాయి.

"ఒలే గుంటా! ఆగు!" అంది నూకాలు. ఆ వైపు ఆడపిల్లని గుంట అంటారు, ముద్దుకైనా కోపానికైనా. "గుమ్మందాకా వచ్చి ఎల్లిపోతన్నావేటే?"

అసిరి తల దించుకుంది. "మొదటి రోజు ఆ గుమ్మంకాడ మనిషి నీ మొగుడి పేరేటని అరిసినాడు. మొగుడి పేరు నోటితో ఎలాగ సెప్తానవ్వా? అందరూ నవ్వినారు. రెండో రోజు అరుగు మీద కూకుంటే పెద్దోలంతా నా కడుపు సూసి గుసగుసలు. నిన్న మా అత్త రెక్కట్టుకుని లోపలికి లాక్కెల్లింది. వైద్యుడు నా నాడి పట్టుకుని అత్తతోటే మాటాడినాడు. నా మొకమే సూడనేదు. ఈయాల నా కాళ్లు ముందుకి పడనేదవ్వా."

నూకాలు వైద్యుడి కిటికీ దగ్గరికి వెళ్లింది. చెప్పింది. "అందరికీ ఒకటే గుమ్మం, ఒకటే మందు. నేనేం తక్కువ చేశాను?" అన్నాడాయన. చెడ్డవాడు కాదు, పాపం, మందు నూరే కలవాన్నుంచి కళ్లెత్తేవాడు కాడు, అంతే. మర్నాడు మళ్లీ వెళ్లింది. "నీ ముంగిలి నువ్వు ఊడ్చుకో" అన్నాడు. మూడోసారి వెళ్తే కిటికీ తలుపు వేసుకున్నాడు.

కూర్చుంటే లేచింది, లేస్తే నడిచింది. పెరట్లో చీపుళ్లు దాచుకునే పాక ఉంది. దాన్ని అలికింది, చాప పరిచింది. వెనక దడిలోంచి దారి తీసింది. అసిరిని ఆ దారిన తీసుకొచ్చి కూర్చోబెట్టింది. మొగుడి పేరు అడగలేదు, ఎన్నో నెలని అడగలేదు. గచ్చకాయలు తీసింది.

మొదటి రోజు అసిరి ఆడింది, మాట్లాడలేదు. రెండో రోజు ఆడింది, నవ్వింది. మూడో రోజు ఎగరేసిన కాయ చేతికి దొరకలేదు.

"అవ్వా, కాయలు రెండేసి కనబడతన్నాయి. పది దినాలబట్టి తల పగిలిపోతంది. కళ్లముందర మిణుగురులు."

నూకాలు లేచి పరిగెత్తింది. గుమాస్తాని తోసేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎక్కని మెట్లు ఎక్కేసి, వైద్యుడి ముందు నిలబడి రొప్పుతూ చెప్పింది. ఆయన కలవం పక్కకి నెట్టాడు. మిణుగురులంటే ఏమిటో ఆయనకి తెలుసు. ఆ తర్వాత వచ్చేది మూర్ఛ, ఆ తర్వాత పాడె.

"వారం కిందటేగా చూశాను! నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"తమరు అత్తనడిగినారు బాబూ," అంది నూకాలు. "గుంటనడిగినారా?"

ఆయన లేచాడు. మందుసంచీ తీసుకుని పెరట్లోకి నడిచాడు. చూరు తగలకుండా వంగి పాకలో దూరాడు. పీట లేకపోతే నేల మీదే కూలబడ్డాడు. "ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడు అసిరి మొహం చూస్తూ. అసిరి అంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

చీకటి చేసి, చడీచప్పుడూ లేకుండా, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. గంటగంటకీ కషాయం పట్టారు. మూడు రోజులు నూకాలు ఆ పాక చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎవరు కూర్చోమన్నా వినలేదు. మూడో రోజు మధ్యాహ్నం లోపల్నుంచి పిల్లిపిల్ల కూతంత ఏడుపు వినిపించింది. బిడ్డ దోసెడంతే ఉంది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

ఆ తర్వాత చిన్న అడుగులన్నీ పెరటి దారినే వచ్చాయి. ముందు నూకాలు కూర్చునేది, ఆ తర్వాతే వైద్యుడు వచ్చేవాడు, వంగి.

నూకాలు పోయిన రోజున కూడా కుదురుగా పోలేదు. జ్వరంలో లేచి కూర్చుని, "దడికాడ ఎవుర్తో గుంట నిలబడింది, బేగెల్లి సూడండి" అంది. సంధి మాటలనుకున్నారు. వెళ్లి చూస్తే నిజంగానే ఒక పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్లని చెయ్యిపట్టి లోపలికి తెచ్చేసరికి నూకాలు లేదు.

ఇప్పుడా వైద్యశాలా లేదు, పాకా లేదు. కానీ ఆ వైపు చిన్నపిల్ల కడుపుతో వస్తే, మంత్రసానైనా నర్సైనా ముందు పెద్దవాళ్లని బయటికి పంపుతుంది. పిల్ల పక్కన చాప మీద కూర్చుంటుంది. ఇంకో సంగతీ ఉంది. ఆడపిల్ల పెళ్లి గురించో, చదువు గురించో పెద్దలంతా కూర్చుని తెగ్గొట్టేస్తుంటే, ఏ మూలనుంచో ఒక ముసలమ్మ గొంతు సవరించుకుంటుంది.

"నూకాలు అడగమంది బాబూ. గుంటనడిగినారా?"

అప్పుడు ఎంత పెద్దమనిషైనా మాట ఆపాల్సిందే. లేచి వెళ్లి, అడగాల్సిందే.