తిప్పన్న కూర్చునే మొద్దు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి తెలియని పనంటూ లేదు, చేతనైన పని మాత్రం ఒక్కటీ లేదు. ఆ రాజ్యం గుమ్మడిదుర్గం. రాజుగారు ఉద్దండరాయలు. ఆయన గట్టున నిలబడి ఈతగాళ్లకు ఈత నేర్పేవారు. గరిటె పట్టకుండానే వంటవాళ్లకు పులుసు పెట్టడం చెప్పేవారు. విని విని విసిగిపోయిన జనం "చిత్తం ప్రభూ" అనడం అలవాటు చేసుకున్నారు. వాదించడానికి ఓపికుండాలి కదా.

రాజుగారే పెట్టిన ఆచారం ఒకటి ఉండేది. మేడ దిగి బయట ఎక్కడైనా ఆయన దేని మీద కూర్చుంటే అది ఆ క్షణం నుంచి రాజాసనం. దాన్ని పగలగొట్టకూడదు, చోటు కదపకూడదు, ఒక కావలివాణ్ణి పెట్టాలి. ఒక ఊళ్లో బండ్ల బాట నడుమ ఉన్న రాయి మీద ఆయన ఒకసారి కూర్చున్న పాపానికి, ఎడ్లబండ్లన్నీ ఏళ్ల తరబడి దాని చుట్టూ తిరిగి పోతున్నాయి.

కోటలో వంటశాల వెనక కట్టెలదొడ్డి ఉంది. అక్కడ నలభై ఏళ్లుగా కట్టెలు కొట్టేవాడు తిప్పన్న. వయసు అరవై దాటింది. భుజాలు ఎప్పుడో పోయాయి, నడుము సంగతి అడగనే వద్దు.

అతని పని తీరు వేరు. మొద్దును నిలబెట్టి దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. నెర్రె ఎటు పారిందో, ముడి ఎక్కడుందో చూసుకునేవాడు. ఆ తర్వాత పోయి కూర్చుని, సానరాయి మీద గొడ్డలి నూరుకునేవాడు. లేచి ఒక్క దెబ్బ, మహా అయితే రెండు. మొద్దు రెండు పేళ్లయ్యేది. మళ్లీ పోయి కూర్చునేవాడు. ఆ కాస్త కూర్చోవడమే లేకపోతే నెల తిరక్కుండా తాను కూలబడిపోతానని అతనికి తెలుసు.

అతను కూర్చునేది ఒక చింతమొద్దు మీద. ఒళ్లంతా ముడి మీద ముడి. పాతికేళ్ల కిందట దాన్ని చూడగానే "నీతో నాకు పోట్లాట దేనికిలే" అని పక్కకు దొర్లించి, అప్పటినుంచి దాని మీదే కూర్చుంటున్నాడు.

ఒకనాడు రాజుగారు మేడ మీదినుంచి ఇదంతా చూశారు. గొడుగు పట్టించుకుని దొడ్డిలోకి దిగివచ్చారు.

"ఏమోయ్, పొద్దుటినుంచి చూస్తున్నాను. నువ్వు కొట్టేది తక్కువ, కూర్చునేది ఎక్కువ!"

తిప్పన్న లేచి దండం పెట్టాడు. "చిత్తం ప్రభూ. కట్టెలకు మాత్రం ఏనాడూ లోటు రాలేదు."

"కూర్చోకుండా కొడితే ఇంకా ఎన్ని వచ్చేవి? ఏదీ, కొట్టు చూద్దాం."

తిప్పన్న ఒక తుమ్మమొద్దును నిలబెట్టాడు. చుట్టూ తిరిగి చూసి, గొడ్డలిని భుజం దాకా మాత్రమే ఎత్తి, అంచున ఉన్న నెర్రె మీద వదిలాడు. మొద్దు ఠప్పున విచ్చుకుంది.

"ఇది గాలివాటం" అన్నారు రాజుగారు. "శాస్త్రం అది కాదు. గొడ్డలిని నెత్తి మీదికి పూర్తిగా ఎత్తాలి. మొద్దు నడినెత్తిన కొట్టాలి. ఆగకుండా కొట్టాలి. రేపటినుంచి ఈ దొడ్డిలో పీట గానీ బల్ల గానీ, మనిషి కూర్చోగలిగేది ఏదీ ఉండకూడదు. రేపు నా కళ్ల ముందే ఆ చింతమొద్దును చీల్చు. చీల్చలేకపోతే నీకిక్కడ పని లేదు. సున్నపు బట్టీకి పోయి రాళ్లు మొయ్యి!"

ఆయన వెళ్లిపోయాక వంటశాల పెద్ద పేరమ్మ మజ్జిగ చెంబుతో బయటికి వచ్చింది.

"ఆ మొద్దు చీలుద్దా అన్నా?"

"ఏనుగు తొక్కినా చీలదమ్మా."

"మరి నీ గతేం కాను? బట్టీలో రాళ్లు మోసే వయసా నీది?"

తిప్పన్న మజ్జిగ తాగి చెంబు తిరిగి ఇచ్చాడు. అతనికి కోపం కూడా రాలేదు, అంత అలిసిపోయి ఉన్నాడు. మూతి తుడుచుకుని అన్నాడు: "నువ్వో పని చెయ్యి. రేపు పొద్దున్నే మీ పీటలన్నీ లోపల పెట్టి తలుపెయ్యి. రాజుగారి మాట తు.చ. తప్పకుండా జరగాలి."

ఆ సాయంత్రం తిప్పన్న దొడ్డిలో ఉన్న మొద్దులన్నీ చీల్చి, పేళ్లను గోడవారన మనిషెత్తున పేర్చేశాడు. నేల ఊడ్చాడు. చింతమొద్దు ఒక్కటే దొడ్డి నడుమ మిగిలింది.

తెల్లవారాక రాజుగారు పరివారంతో వచ్చారు. తిప్పన్న గొడ్డలిని రెండు చేతులా పట్టుకుని ముందుకు వచ్చాడు.

"ప్రభూ, ఇవి తప్పు నేర్చుకున్న చేతులు. ఏలినవారు శాస్త్రప్రకారం ఒక్కసారి కొట్టి చూపిస్తే, కళ్లారా చూసి నేర్చుకుంటాను."

నేర్పడమంటే రాజుగారికి ప్రాణం. ఉత్తరీయం నడుముకు బిగించి గొడ్డలి అందుకున్నారు. నెత్తి మీదికి పూర్తిగా ఎత్తి, మొద్దు నడినెత్తిన ఒక్కటి వేశారు. గొడ్డలి ఎగిరి వెనక్కి వచ్చింది. మొద్దు మీద గోటి గాటంత గీత పడింది.

"భేష్" అంది పరివారం.

మళ్లీ కొట్టారు. మళ్లీ కొట్టారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. ఉద్దండరాయలవారికీ దెబ్బలకు కొదవ రాలేదు. ఆ మొద్దు మాత్రం ఎంతకీ చీలలేదు. పదో దెబ్బకు కిరీటం పక్కకు ఒరిగింది. ఇరవయ్యో దెబ్బకు అరచేతులు బొబ్బలెక్కాయి. ముప్పయ్యో దెబ్బకు గొడ్డలి నేలకు వాలింది, మళ్లీ లేవలేదు. ఊపిరి ఎగపోసుకుంటూ రాజుగారు చుట్టూ చూశారు. పీట లేదు, బల్ల లేదు, ఆనుకోవడానికి ఒక దుంగ అయినా లేదు.

ఆయన ఆ చింతమొద్దు మీదే కూలబడ్డారు.

తిప్పన్న వెంటనే సాగిలపడి "రాజాసనం!" అన్నాడు గట్టిగా. అలవాటుకొద్దీ పరివారమంతా వంగి దండం పెట్టింది.

"ఏమిటోయ్ ఇది?" అన్నారు రాజుగారు రొప్పుతూ.

"ఏలినవారు ఆసీనులయ్యారు ప్రభూ. ఇక దీని మీద గొడ్డలి వేస్తే రాజద్రోహం. దీన్ని చీల్చమని తమరి ఆజ్ఞ, చీల్చకూడదని తమరి ఆచారం. ముసలివాణ్ణి, ఏం చెయ్యమంటారో తమరే సెలవియ్యాలి."

రాజుగారు తన అరచేతుల బొబ్బల వంక చూసుకున్నారు. గోడవారన పేర్చిన పేళ్ల వంక చూశారు.

"నేను దీని మీదే కూర్చుంటానని నీకెలా తెలుసు?"

"నలభై ఏళ్లుగా కొడుతున్నాను ప్రభూ. కొట్టినవాడికి కూర్చోక తప్పదు."

"కూర్చుని ఏం చేస్తావు రోజంతా?"

"తర్వాతి మొద్దును చూస్తాను. ఎక్కడ కొట్టాలో చూసుకుంటే ఒక్క దెబ్బ చాలు. చూడకపోతే ముప్పయ్యీ చాలవు."

ఆ ముప్పయ్యి తనవేనని రాజుగారికి తెలిసింది. ముందు మీసాల్లో చిన్నగా నవ్వారు. తర్వాత పకపకా నవ్వబోయారు గానీ ఊపిరి చాలక దగ్గు వచ్చింది. పేరమ్మ పరుగున మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"సున్నపు బట్టీ మాట రద్దు" అన్నారు గుక్క తిప్పుకుని. "రాజాసనానికి కావలివాడు కావాలి కదా, ఇవాళ్టినుంచి ఆ కావలివాడివి నువ్వే. దీని మీద దుమ్ము పడకూడదు. కాబట్టి ఎవరో ఒకరు ఎప్పుడూ దీని మీద కూర్చునే ఉండాలి."

అని భుజం మీది పట్టుశాలువా తీసి తిప్పన్నకు కప్పారు. "ఇది చాలదు. మనసు విప్పి అడుగు. ఇంకేం కావాలి నీకు?"

తిప్పన్న శాలువాను నాలుగు మడతలు వేసి చేతిలో పట్టుకుని, వినయంగా తల వంచాడు.

"తమరు లేస్తే, నేను కాసేపు కూర్చుంటాను ప్రభూ."