నక్క టిక్కు పెట్టని గడి

ఎర్రకోన అడవిలో వేసవి వచ్చిందంటే నీళ్ళుండేది ఒక్క చెలమలోనే. వాగు ఇసుకలో తవ్విన గుంట అది. తెల్లవారేసరికి తేటనీరు ఊరి ఉంటుంది, మధ్యాహ్నానికి బురదవుతుంది. అందుకే అక్కడ తాతల కాలం నుంచి వంతులున్నాయి. ఇంటికి ఒక్క వంతు. ఉగాదినాడు వంతుల ఫైళ్ళు తెరిచి అందరి ముందూ చదువుతారు. ఫైలున్న ఇంటికి వంతుంటుంది. ఫైలు లేకపోతే ఆ వంతు ఖాళీ అయినట్టే, ముందుగా అడిగి పేరు రాయించుకున్నవాళ్ళకి పోతుంది.

ఫైళ్ళంటే కంప్యూటర్లో ఫైళ్ళే. ఎవరో వదిలేసి పోయిన చెక్‌పోస్టు గదిలో, కప్పు మీద సోలార్ పలకతో సహా దొరికింది ఆ కంప్యూటర్. సంతకాలు రానివాళ్ళే అందరూ కనుక, ఇంటిపెద్ద తడిమట్టిలో ముందుకాలు మోపితే ఆ ముద్రని ఫోటో తీసి, పేరు రాసి దాచడం పద్ధతి. తొమ్మిదేళ్ళు ఆ పని గుడ్లగూబ చేసింది. పగటి ఉద్యోగానికి గుడ్లగూబని పెట్టిన తెలివి ఎవరిదని అడక్కండి, మొహం చూస్తే చదువుకున్నట్టుందని పెట్టారు. అది దిగిపోయాక ఏదుపంది మాణిక్యమ్మ వచ్చింది.

మాణిక్యమ్మకి అనుమానం పుట్టుకతో వచ్చింది. ఆకు రాలితే ఎవరు రాల్చారని అడిగే రకం. చప్పుడైతే ముందు ముళ్ళు లేస్తాయి, ఆ తర్వాతే తల లేస్తుంది. దానికి దాని నీడ మీద కూడా నమ్మకం లేదని అడవంతా నవ్వుకునేది. నవ్వితే నవ్వారు గానీ, గుడ్లగూబ చేతిలో చిందరవందరైన గదిని దారికి తెచ్చింది ఆ అనుమానమే.

మాఘమాసంలో కంప్యూటర్ మొరాయించింది. జాగా నిండిపోయింది, ఇక ఒక్క ఫోటో కూడా పట్టదని తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. కారణం అందరికీ తెలుసు, చెప్పే దమ్ము ఎవరికీ లేదు. అడవి పెద్ద ఎలుగుబంటి పోతురాజుకి, దారిన పోయేవాడెవడో పారేసుకున్న సెల్‌ఫోన్ దొరికింది. అప్పటినుంచి కనబడ్డ తేనెపట్టునల్లా ఫోటో తీస్తున్నాడు. ఒక్కో పట్టుకి ముప్ఫై, నలభై. అన్నీ తెచ్చి కంప్యూటర్లో పెట్టమంటాడు.

సరిగ్గా అప్పుడే నక్క వైకుంఠం దిగాడు, మెడలో పెన్‌డ్రైవ్ వేలాడేసుకుని. పట్నం శివార్లలో ఏడాది తిరిగి నేర్చుకున్న విద్యట. అది కంప్యూటర్‌కి గుచ్చి ఒక్క మీట నొక్కితే చాలట. ఫైళ్ళన్నిటినీ అదే చూసుకుని, దేని అరలో దాన్ని సర్ది, అక్కర్లేనివి తీసేసి, కావలసినంత జాగా చేసి పెడుతుందట. ఇందుకు తనకేమీ వద్దట, అడవికి సేవ చేస్తే చాలట.

ఊరక రారు మహానుభావులు, అనుకుంది మాణిక్యమ్మ. ఆవులింత తప్ప నక్క ఉత్తినే చేసే పని మరొకటి ఆమె ఎరగదు. పైగా వారం కిందట ఇతను వచ్చి తన వంతు ఫైలు చూపించమన్నాడు. పనిలో పనిగా గుట్టవెనక ఉంటారని చెప్పే తన బంధువులవి మరో మూడు కూడా తెరిపించి చూసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఖాళీ వంతుల జాబితాలో తన పేరు రాయించాడు. ఖాళీలేవీ లేవయ్యా అంటే, ఉంటేనే ఇవ్వండి అన్నాడు. ఆ మాట అప్పటినుంచి ముల్లులా లోపల గుచ్చుతూనే ఉంది.

పోతురాజు మాత్రం మురిసిపోయి మర్నాడే కానివ్వమన్నాడు. రెండురోజులు గడువిమ్మని మాణిక్యమ్మ బతిమాలింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది, గడువు దొరకలేదు. అనుమానముంది గానీ దానికింకా రూపం కట్టలేదు.

మర్నాడు పొద్దున గది ముందు దుప్పి సీతాలు తన ఇద్దరు కూనలతో నిలబడి ఉంది. ఫైళ్ళేవో తీసేస్తారని విని పరుగున వచ్చింది. ఆమెది తెల్లవారుజాము వంతు. పొద్దెక్కితే చిరుత చెలమ వైపు వస్తుంది. కిందటేడు ఒక్కరోజు ఆలస్యమైనందుకు సీతాలు మొగుణ్ణి పోగొట్టుకుంది.

"మాణిక్యమ్మత్తా, నా ఫైలుకేం కాదు కదా?" అంది.

"ఏం కాదు" అని చెప్పడానికి మాణిక్యమ్మకి నోరు రాలేదు. అబద్ధమాడే అలవాటు లేకపోవడం కూడా ఒక్కోసారి కష్టమే. "నేనున్నాగా, పక్కన కూర్చో" అంది.

పోతురాజు వచ్చి గది నిండా కూర్చున్నాడు. వైకుంఠం తోక ఊపుకుంటూ వచ్చాడు. మాణిక్యమ్మ ముందుగా పెన్‌డ్రైవ్ ఇప్పించుకుని అటూ ఇటూ తిప్పి వాసన చూసింది. ఫైళ్ళని ఇందులో ఎక్కించుకుని ఎత్తుకుపోతాడేమోనని ఆమె భయం. కంప్యూటర్‌కి గుచ్చి చూస్తే అందులో ఆ సర్దే విద్య ఒక్కటే ఉంది, మరొక ఫైలు పట్టేంత చోటు కూడా లేదు. ఎత్తుకుపోయే ఉద్దేశమే లేదన్నమాట. సిగ్గేసింది.

"అయిందా నీ సోదా?" అని కసిరాడు పోతురాజు. "మంచి చేసేవాడొస్తే మర్యాద చెయ్యడం నేర్చుకో."

"పోనివ్వండి పెద్దయ్యా" అన్నాడు వైకుంఠం, వెన్న పూసిన గొంతుతో. "వదినది జాగ్రత్త. నాకేం బాధ లేదు."

"నీకు నేను వదిననెప్పుడయ్యానూ?" అంది మాణిక్యమ్మ. కానీ గొంతులో మునుపటి పదును లేదు. అనుమానం తప్పైతే ఎంత బరువో అనుమానించేవాళ్ళకే తెలుసు.

తెర మీద మూడు గళ్ళు కనబడ్డాయి. ఏ రకం ఫైళ్ళు తీసెయ్యాలో ఆ గడిలో టిక్కు పెట్టాలి. మొదటిది ఆరునెలలుగా తెరవనివి. రెండోది ఒకేలా ఉన్నవి. మూడోది లోపల ఏమీ లేనివి. ఒకటికీ మూడుకీ వైకుంఠం ముందే టిక్కులు పెట్టుకొచ్చాడు. మీట మీద కాలు వెయ్యబోయాడు.

"ఆగు" అంది మాణిక్యమ్మ.

ఆరునెలలుగా తెరవనివంటే ఏవో ఆమె లెక్కేసుకుంది. వంతుల ఫైళ్ళు ఉగాదికి తెరుస్తారు, జ్యేష్ఠంలో వానపడగానే మూస్తారు. మళ్ళీ ఉగాదిదాకా వాటి మొహం చూసేవాడుండడు. ఇప్పుడు మాఘం. అంటే అడవిలో అందరి ఫైళ్ళూ పోతాయి, మొన్న వారం తెరిపించుకున్న ఆ నాలుగూ తప్ప. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. పైకే చెప్పేసింది.

సీతాలు కూనల్ని దగ్గరికి లాక్కుంది. వైకుంఠం మాత్రం తొణకలేదు.

"అయ్యో, నాకు తట్టనేలేదు సుమా. పోయినా కొంపలంటుకోవు వదినా, ఉగాదికి మళ్ళీ ముద్రలు వేయిస్తే సరి" అన్నాడు.

"ఫైలు లేనినాడు అది ఖాళీ వంతు. ఖాళీ వంతుల జాబితాలో ఉన్నది నీ పేరొక్కటే."

"యాదృచ్ఛికం" అన్నాడు వైకుంఠం.

పోతురాజు తల గోక్కున్నాడు. అతనికి ఆ మాట నచ్చింది. పెద్దమాట, పైగా తను ఆలోచించనక్కర్లేదు. తెరవని ఫైళ్ళు పాతవే కదా, పాతవి తీసెయ్యడం ఇల్లు దులపడం లాంటిదే కదా అన్నాడు. వైకుంఠం మళ్ళీ కాలెత్తాడు. సీతాలు కళ్ళు మూసుకుంది.

మాణిక్యమ్మ తెర వంక గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది. అప్పుడు కనబడింది నడిమి గడి, ఖాళీగా. ఇంతసేపూ ఆమె చూస్తున్నది వాడు టిక్కు పెట్టిన గళ్ళని. పెట్టనిదాని సంగతి ఆలోచించనే లేదు.

"పెద్దయ్యా, ఒక్క మాట. ఈ జాగా నిండింది దేనివల్ల?"

పోతురాజు నేల చూపులు చూసి, "తేనెపట్లు" అని గొణిగాడు.

"ఒక్కో పట్టుకి నలభై ఫోటోలు. ఒకేలా ఉన్నవంటే అవే. మరి జాగా చేస్తానని వచ్చినవాడు, జాగా తిన్నవాటినే వదిలేశాడేం?"

"పెద్దయ్య ముచ్చటపడి తీసుకున్న ఫోటోలు వదినా, వాటిని తీసేస్తామా?" అన్నాడు వైకుంఠం. ఈసారి గొంతులో వెన్న కాస్త కరిగింది.

"తియ్యొద్దు. ఒకేలా ఉన్నవన్నీ కుప్పలు పోసి చూపించమందాం. చూస్తే తప్పేముంది?"

"కంప్యూటర్ వేడెక్కిపోతుంది."

"మాఘంలో ఉన్నాం, చల్లారుతుందిలే."

వైకుంఠం అడ్డం రాబోయాడు గానీ, ముళ్ళు విప్పుకున్న ఏదుపందికి అడ్డం రావడం ఎవడికీ సరదా కాదు. మాణిక్యమ్మ మొదటి గడిలో టిక్కు తీసేసి, నడిమి గడిలో పెట్టింది. తియ్యకుండా చూపించే మీట నొక్కింది.

కంప్యూటర్ గుర్రుగుర్రుమంది. కాసేపటికి కుప్పలు పడసాగాయి. తేనెపట్లు మూడువేల పైచిలుకు. వాటి కింద పోతురాజు బొటనవేలు అడ్డం వచ్చిన ఫోటోలు రెండువందలు. అన్నిటికన్నా అడుగున ఒక చిన్న కుప్ప, నాలుగంటే నాలుగే. మాణిక్యమ్మ తెరిచింది. నాలుగు మట్టిముద్రలు. నాలుగింటిలోనూ నడిమివేలి గోరు సగానికి విరిగి ఉంది, నాలుగింటిలోనూ అరికాలి మీద ఒకే గాటు. వాటి కింద పేర్లు మాత్రం నాలుగు. ఒకటి వైకుంఠం. మిగతా మూడూ గుట్టవెనక బంధువులు.

గుడ్లగూబ కళ్ళెదుటే, పట్టపగలు, ఒకే కాలు నాలుగేళ్ళలో నాలుగుసార్లు మోపి నాలుగిళ్ళవాడైపోయాడు నక్క. కుప్ప పోస్తే ఆ గుట్టు బయటపడుతుంది. నడిమి గడి ఖాళీగా ఉన్నది అందుకే.

"ఎవరిదీ కాలు?" అన్నాడు పోతురాజు, నెమ్మదిగా.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, వైకుంఠం కుడి ముందుకాలు తోక కిందికి లాక్కున్నాడు. లాక్కున్నాక తెలిసింది, లాక్కోకుండా ఉండాల్సిందని.

"నక్కల కాళ్ళన్నీ ఒకేలా ఉంటాయి పెద్దయ్యా" అన్నాడు.

"గోళ్ళు కూడా ఒకేచోట విరుగుతాయా?" అంది సీతాలు. గదిలో అడుగు పెట్టినప్పటినుంచి ఆమె ధైర్యంగా అన్న మాట అదొక్కటే.

పోతురాజుకి కోపం నిదానంగా వస్తుంది, వచ్చాక నిదానం ఉండదు. వైకుంఠం మెడ పట్టుకుని తెర ముందుకి లాగాడు. లేని ఇళ్ళ పేర మూడు వంతులు తాగినందుకు అవి పోవాలి, ఉన్న ఒక్క వంతూ బురదే మిగిలే పొద్దువాలే వేళకి మారాలి అన్నాడు. మూడు దొంగఫైళ్ళ పేర్లు తెర మీద వరసగా కనబడుతున్నాయి.

"నీ విద్యే కదా, నువ్వే నొక్కు" అన్నాడు.

ఎంతో జాగా చేసిపెడతానని వచ్చిన వైకుంఠం, విరిగిన గోటితో తన మూడిళ్ళనీ తనే ఒకటి తర్వాత ఒకటి తీసేసుకున్నాడు.

ఇల్లు సర్దిపెడతానని వచ్చినవాడు ఏం పారేస్తున్నాడన్నదే కాదు, దేన్ని ముట్టుకోకుండా వదిలేస్తున్నాడన్నది కూడా చూసుకోవాలి.