ధూపవేదిక దగ్గర లియాన్ చెప్పుకున్న దోషం

“నా బిడ్డ తిరిగి రాకపోతే నేను ఎవరినని అడగను స్వామీ?”

వేదిక ఇంకా కడగనైనా లేదు, ధూపం వెలిగించనైనా లేదు, అప్పుడే లియాన్ అనే ఆ తల్లి ఈ మాట అన్నది.

పూర్వం మహాచీన దేశంలో, మేఘాలను నడుముకు చుట్టుకున్న శ్వేతగిరి శిఖరం మీద, మార్గధర్మాన్ని ఆచరించే మునుల ఆశ్రమం ఒకటి ఉండేది. తపోధనుడు, జితేంద్రియుడు, కొంగరెక్కల వంటి తెల్లని కనుబొమలు గలవాడు అయిన శ్వేతక్రౌంచ మహర్షి దానికి అధిపతి. ఆ కాలంలో కొండ దిగువన వానలు వెనకబట్టి, నదులు ఇసుక తేలి, పశువులు డొక్కలెండి, రాజూ ప్రజలూ వచ్చి పాదాల మీద పడగా, ఆ దయాసముద్రుడు కరిగిపోయి, వారి మొరను మరకత సింహాసనాధీశుడైన దేవసార్వభౌముడికి విన్నవించి రావడానికి తన శిష్యులలో ఉత్తముడైన వెన్‌షూను నియోగించాడు. వెన్‌షూ లియాన్‌కు ఒక్కగానొక్క కొడుకు.

ఆ విన్నపం నోటితో చేసేది కాదు. ఉపవాసముండి, స్నానమాడి, శుభ్రవస్త్రం ధరించి, వేదిక ముందు సాష్టాంగపడి, దేహాన్ని అక్కడే విడిచి, ప్రాణం ధూపం వెంట దేవలోకానికి వెళ్ళి మొర వినిపించి రావాలి. అందుకు నియమాలు కఠినం. పడుకున్నవాడిని తాకరాదు. మహర్షి చెప్పేదాకా పేరు పెట్టి పిలవరాదు. చీమకైనా హాని చేయరాదు. తమ దోషం చెప్పుకోవడానికి తప్ప అక్కడ ఎవరూ నోరు విప్పరాదు. ధూపం ఆరరాదు. ఒకప్పుడు ఒక మునిని అతని అన్నగారు భయపడి భుజం తట్టి పిలిస్తే, వెళ్ళిన ప్రాణం దారి తప్పి మరి రానేలేదట. ఆ సంగతి చెవిన పడ్డప్పటి నుండి లియాన్‌కు కంటిమీద కునుకు లేదు.

“ధూపం నువ్వే చూసుకో తల్లీ,” అన్నాడు మహర్షి.

“నేనా స్వామీ? నావంటి పిరికిదాన్ని అక్కడ కూర్చోబెడితే వాడి కొంప నేనే ముంచుతాను.”

“భయం లేనివాళ్ళకు అప్పగిస్తే నిద్రపోతారమ్మా. నీకు నిద్ర రాదు. భయపడు, ఎంతైనా భయపడు. చెయ్యిని మాత్రం ధూపం వేస్తూ ఉండనీ.”

పక్కనున్న వెన్‌షూ నవ్వి, “మా అమ్మ భయం ఈపాటికే దేవలోకం చేరి ఉంటుంది స్వామీ. దానికి సమాధానం చెప్పలేక ద్వారపాలకులు అలసిపోయి, నన్ను ఏమీ అడగకుండానే లోపలికి పంపేస్తారు,” అన్నాడు. మహర్షి కూడా నవ్వాడు. లియాన్ నవ్వలేదు.

మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టక కొడుకు బుగ్గలు లోపలికి పోవడం చూసి ఆమె ఓర్వలేకపోయింది. వస్త్రం సర్దుతున్నట్టు దగ్గరికి వెళ్ళి, తేనెలో ఊరిన ఎండు రేగుపండు ఒకటి అతని అంగీ చేతి మడతలో దోపింది, దారిలో కళ్ళు తిరిగితే నోట్లో వేసుకుంటాడని. వెళ్ళేది ప్రాణమే గాని అంగీ కాదని ఆమెకు తోచలేదు. తల్లులకు అలాంటివి తోచవు.

సూర్యోదయవేళ వెన్‌షూ వేదిక ముందు బోర్లా పడుకున్నాడు. మహర్షి ఎదుట కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. లియాన్ చందనపు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ ఉంటే, పొగ దూలం దాకా లేచి, అక్కడ వంగిపోయి, పైకి పోలేక పరుచుకుంటున్నది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొడుకు వీపు కదలడం ఆగిపోయింది. ఇంతలో నేల పగులులోంచి చీమలు బారుగా బయలుదేరి అతని చెయ్యి ఎక్కడం చూసింది.

ప్రాణమున్న దేహానికి చీమలు పడతాయా? పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చిరిగిపోయేలా తన అంగీ అంచు పళ్ళ మధ్య కరిచిపట్టి, కన్నీళ్ళలోంచే ఆ బారు ఎటు పోతున్నదో చూసింది. అది ముఖం వైపు పోవడంలేదు. చేతి మడతలోకి పోతున్నది.

అప్పుడు అంతకంటే పెద్ద భయం పట్టుకున్నది. ఉపవాసదీక్షలో ఉన్నవాడి ఒంటిమీద తిండి దాచింది తనే. ఆ పొగ వంగిపోవడం అందుకేనేమో. ఇప్పుడు చెప్పుకుంటే దేవతలు బిడ్డను గెంటేస్తారేమో, చెప్పుకోకపోతే గుమ్మంలోనే నిలబెట్టేస్తారేమో. మహర్షి వైపు చూసింది. ఆయన కన్ను తెరవలేదు. ఒక ముక్క ధూపం వేసి, నుదురు నేలకు ఆనించి, ఆమె నోరు విప్పింది.

“అయ్యలారా, నాకు మంత్రాలు రావు. ఆ మడతలో పండు పెట్టింది నేను. వాడికి తెలియదు. ఆకలికి పడిపోతాడని పెట్టాను, తప్పే చేశాను. వేసే శిక్ష నాకు వేయండి. కింద ఊళ్ళలోనూ పిల్లలున్నారు, వాళ్ళ తల్లులూ నాలాగే కూర్చుని ఉంటారు. ఆ మొర మాత్రం ఆపకండి.”

చీమలు పండును తునకలు చేసుకుని, చెయ్యి దిగి, తాము వచ్చిన పగులులోకే వెళ్ళిపోయాయి. వాటికి దారి ఇవ్వడానికి ఆమె మోకాలు పక్కకు జరుపుకున్నది. చివరి చీమ కనుమరుగయ్యాక, వంగిన పొగ నిటారుగా లేచి, ఇంటికప్పు సందులోంచి ఆకాశాన్ని తాకింది. మేఘగంభీరమైన స్వరం వినిపించింది.

“సాధ్వీ, దాచిన దోషం దగ్గర ఏ మొరైనా ఆగిపోతుంది. నీవు చెప్పుకొన్నావు, ద్వారం తెరిచాము. నీ కుమారుడి విన్నపం ఆలకించాము. మీ సీమలో సకాలవర్షాలు కురియుగాక. నీకేమి వరం కావాలో కోరుకో.”

“వాడికి దారి చూపించండి, చాలు,” అన్నది లియాన్.

ఆ వెంటనే ఉరిమి, వాన దిగింది. నదులు నిండాయి, రాజు చింత తీరింది, పశువులు పచ్చిక చూశాయి. నాటినుండి ఆ ఆశ్రమంలో, వెళ్ళేవాడి కోసం అందరికంటే ఎక్కువ భయపడేవారికే ధూపం అప్పగించడం ఆచారమైంది.

కాని ఆ సాయంకాలం లియాన్ వాన చూడలేదు. కొడుకు ఇంకా కదలలేదు. మహర్షి కళ్ళు తెరిచి, “ఇక పిలువమ్మా,” అన్నాడు.

“వెన్‌షూ,” అన్నది ఆమె. మళ్ళీ పిలిచింది. పెంకుల మీద వాన చప్పుడు తప్ప మరేమీ లేదు. ధూపం కడపటి ముక్క బూడిదైంది. ఆమె అతని తల దగ్గరికి జరిగి, తాకకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నది.

“వస్తున్నానమ్మా,” అన్నాడు వెన్‌షూ.