తవిటయ్య లెక్క

పోలినాయుడు గురువు కసరత్తు నేర్పే గరిడీలో ఒక కట్టుబాటు ఉండేది: ఎవరి బస్కీలు వాళ్ళు లెక్కపెట్టుకోకూడదు. ఒకడు కూర్చుని లేస్తుంటే జతగాడు ఎదురుగా నిలబడి పైకి లెక్క చెప్పాలి. జత లేనివాడికి గరిడీలో చోటు లేదు.

గౌరునాయుడికి ఇది మొదటినుంచీ గిట్టలేదు. ఇంటర్ లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న కుర్రాడు. తోటివాళ్ళు 'లెక్కల మేస్టారు' అని ఆట పట్టించేవారు. ఏడాదిగా అతని జత తవిటయ్య. నలభై దాటిన మనిషి, జూట్ మిల్లులో పని. అరవై బస్కీలకే మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోయేవాడు. అతని కోసం ఆగడంలో రోజుకి పన్నెండు నిమిషాలు, నెలకి ఆరు గంటలు పోతున్నాయని గౌరునాయుడు ఎప్పుడో తేల్చాడు.

ఇంకో ఎనిమిది రోజుల్లో పక్క ఊరి తీర్థంలో జరిగే పోటీలో బరువైన సంగిడి రాయి ఎత్తాలి. నిరుడు అది అతని మోకాలు దాటలేదు. ఈసారి పొరపాటుకి తావు ఉండకూడదని, ఆ ఉదయం బస్కీలు తీస్తూ మనసులో తానూ లెక్కపెట్టుకున్నాడు. డెబ్బై ఎనిమిది తరువాత తవిటయ్య మళ్ళీ డెబ్బై ఒకటి అన్నాడు. తొంభై నాలుగు తరువాత తొంభై ఒకటి. అతను నూరు అనేసరికి గౌరునాయుడి లెక్కకి నూట పన్నెండు.

నేరుగా గురువు దగ్గరికి వెళ్ళాడు. "ఈ అన్నకి లెక్క రాదండి. నన్ను ఒక్కడినే చేసుకోనివ్వండి. అసలు జత ఎందుకండి?"

తవిటయ్య తల దించుకున్నాడు. జత విడిపోతే గరిడీ వదలాల్సింది తనే. ఆ వయసులో తనకి ఇంకో జత దొరకడు.

మిల్లులో నీ పనేమిట్రా అని గురువు అతన్ని అడిగాడు. లారీలకెక్కే గోనె బేళ్ళు లెక్కపెట్టడమన్నాడు. పద్నాలుగేళ్ళుగా ఒక్క బేలు తేడా రాలేదని, నేరం ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు.

గురువు గౌరునాయుడి వైపు తిరిగి, ఇంటి దగ్గర ఒక్కడివే చేస్తే ఎన్నవుతాయని అడిగాడు.

"తొంభై, గురువుగారూ. ఆ పైన కాళ్ళు లేవవు."

నూట పన్నెండులోంచి తొంభై తీసేయడానికి గౌరునాయుడికి క్షణం పట్టలేదు. తవిటయ్య ముఖంలోకి చూడడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"మరి వాడికి నువ్వెలా చెబుతున్నావురా లెక్క?"

"ఒక్కటి కూడా తప్పకుండా చెబుతున్నానండి."

"అదేరా మేస్టారూ," అన్నాడు గురువు లేచి తువ్వాలు దులుపుకుంటూ, "ఏడాదయింది, పాపం వాడింకా అరవై దగ్గరే ఉన్నాడు."